మధ్యాహ్నమైతే కోలుకునే డిస్కు

కంప్యూటర్లు బాగుచేసేవాడు భయపడాల్సిన మాట "పాడైపోయింది" కాదు. పాడైపోయిన యంత్రం చాలా మర్యాదస్తురాలు. మనం బస్సెక్కి, దిగి, టీ తాగి, నింపాదిగా వెళ్లేదాకా పాడయ్యే ఉంటుంది. భయపడాల్సింది "ఇప్పుడు బాగానే ఉందండీ, ఇందాకే..." అన్న మాటకి. ఆ మాట నేనొక ఆఫీసులో వానలు మొదలైనప్పటి నుంచి కార్తీకమాసం దాకా విన్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీలాంటివాళ్లకి ఆ కథ పనికొస్తుందని చెప్పలేను గాని, వినడానికి ఖర్చేమీ లేదు.

తొంభైల చివరి సంగతి. నేను ద్వారకానగర్లో ఓ చిన్న సర్వీసు కంపెనీలో పనిచేసేవాణ్ణి. విజిటింగ్ కార్డు మీద "ఇంజనీరు" అని ఉండేది. డిగ్రీ సర్టిఫికెట్టు మీద బీఎస్సీ అని ఉండేది. కస్టమర్లు మాత్రం రెండూ పట్టించుకోకుండా "ఆ కంప్యూటర్ అబ్బాయి" అనేవారు. కంపెనీ అంటే మా ఓనరు, నేను, ఇంకో సహోద్యోగి. అతను విజయనగరం దగ్గర పల్లెవాడు. మీసాలున్న ప్రతివాణ్ణీ "బావా" అనేవాడు. బ్యాంకు మేనేజర్ని కూడా ఓసారి పొరపాటున అనేశాడు. ఆయన మీసాలు తీసేశాడు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు తెలీదు.

మా కస్టమర్లలో ఒకటి వన్‌టౌన్‌లో ఓ స్టీమర్ ఏజెంటు ఆఫీసు. ఎక్కడో పరాయి దేశపు ఓడ మన రేవుకొస్తుంది. దానికిక్కడ చుట్టాలూ పక్కాలూ ఎవరూ ఉండరు కదా. మేనమామ హోదాలో దాని కాగితాలూ, కస్టమ్సూ, నీళ్లూ, కూరగాయలూ అన్నీ చూసిపెట్టేవాడే స్టీమర్ ఏజెంటు. ఆ ఆఫీసు కిటికీలోంచి చూస్తే ఓడల స్తంభాలు కొమ్ముల్లా కనిపించేవి. కిటికీ తీస్తే ఇనప ఖనిజం దుమ్ము ఎర్రగా లోపలికొచ్చేది. అందుకని కిటికీలు తీసేవారు కాదు. కంప్యూటరు గదికి ఓ ఏసీ పెట్టించారు. చెప్పులు బయట విప్పి వెళ్లాలి. ఆ రోజుల్లో కంప్యూటరుకి దేవుడి తర్వాత స్థానం.

ఆ గదిలో ఉండేదే మన కథానాయకి. డబ్బాలాంటి డ్రైవు ఒకటి, ప్రింటరు కేబులు పెట్టే చోటే తగిలించేవారు. దాంట్లోకి దూర్చే డిస్కులు సబ్బుపెట్టె అంత ఉండేవి. ఒక్కో దాంట్లో డెబ్బై ఫ్లాపీల సరుకు పట్టేది. ఇవాళ మీరు గోరంత చిప్పులో మూడు పెళ్లిళ్ల వీడియోలు పెట్టుకుని పోగొట్టుకుంటున్నారు గనక మీకిది నవ్వులాటగా ఉంటుంది. మాకు అప్పట్లో అది భోషాణం.

ఒక్కో ఓడకి ఒక్కో డిస్కు. పొద్దున్నే ఆఫీసులో కాగితాలన్నీ సిద్ధంచేసి, ఆ డిస్కుని సంచిలో పెట్టి, ఓ మనిషి స్కూటరు మీద పోర్టు గేటు దగ్గరున్న చిన్న ఆఫీసుకి తీసుకెళ్లేవాడు. అక్కడ ఇంకో కంప్యూటరు, ఇలాంటిదే ఇంకో డ్రైవు. మిగతా పని అక్కడ. ఇవాళ్టి భాషలో దాన్ని నెట్‌వర్క్ అంటారు. మాది పెట్రోలు మీద నడిచేది.

ఆ ఆఫీసులో ముగ్గురి గురించి చెప్పాలి.

మేనేజరు గారిది గోదావరి జిల్లా. గంజిపెట్టిన తెల్ల చొక్కా. ఎవరినైనా తిట్టినా చివర "అండి" తగిలించే తిట్టేవారు. "మీకు బుద్ధుందా అండి" అని ఆయన నోట వింటే ఎంతో గౌరవంగా ఉండేది.

హెడ్ క్లర్కుది శ్రీకాకుళం వైపు పల్లెటూరు, వ్యవసాయ కుటుంబం. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. అందరూ ఆయన్ని బాబాయ్ అనేవారు. ఆఫీసు బీరువా తాళంచెవి ఆయన మొలతాడుకి కట్టి ఉండేది. తాళం తీయాలంటే బీరువాని దాదాపు కౌగలించుకుని, బొడ్డు తాళంకప్పకి ఆనించి, చెవి తిప్పాలి. ఆ కార్యక్రమం జరుగుతున్నంతసేపూ మిగతావాళ్లం కేలండరు చూసేవాళ్లం. డిస్కులు ఆ బీరువాలోనే, ఏసీ గదిలోనే, ఏసీకి ఎదురుగా ఉండేవి.

మూడోది ఆ డ్రైవు ముందు కూర్చునే అమ్మాయి. కంప్యూటరు ఆపరేటరు. దువ్వాడ నుంచి రైల్లో వచ్చేది. వాళ్ల నాన్న స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పని చేసేవాడు. అంటే పని ఉన్నప్పుడు చేసేవాడు. తనది కూడా కాంట్రాక్టు ఉద్యోగమే. ఆ ఏడాది పర్మనెంటు చేస్తామని మేనేజరు గారు మాటిచ్చారు. బాబాయికి ఆ పిల్లంటే కూతురి కింద లెక్క. "అమ్మీ" అని తప్ప పిలిచేవాడు కాదు. తన టిఫిన్ కారియర్లోంచి ఎండుచేపల కూర ఆ పిల్లకి పెట్టేవాడు. ఏసీ గదిలో ఎండుచేపలు తినరాదన్న నియమం ఆయనకి తెలిసే అక్కడ తినేవాడు.

వానలు మొదలయ్యాక ఫోన్ వచ్చింది. డిస్కు నెమ్మదిగా నడుస్తోంది. ఓ ఉత్తరం తెరవాలంటే టీ తాగొచ్చు. ఓడ కాగితాలు మొత్తం తెరవాలంటే టీ పెట్టి, తాగి, గ్లాసులు కడిగి రావచ్చు.

నేను వెళ్లేసరికి మధ్యాహ్నం. డిస్కు పెట్టాను. గుర్రంలా పరిగెత్తింది.

"ఇందాక పాకింది సార్," అంది అమ్మాయి. ముఖం ఎర్రబడింది. "ఒట్టు సార్. మీరొత్తే బుద్ధిగా ఉంటాది, మీరటెల్తే మళ్లీ మొదలు."

"దానికి మీరంటే బయం బాబూ," అన్నాడు బాబాయ్. "మా ఊళ్లో ఓ ఎద్దు ఉండీది. పొద్దున్న సూస్తే కాళ్లు సాపేసి సచ్చిపోతన్నట్టు పడుండీది. పసువుల డాక్టరు సైకిలు బెల్లు ఇనపడితే లేసి నిలబడీది."

"తర్వాత ఆ ఎద్దు ఏమైంది బాబాయ్?"

"డాక్టరికి బదిలీ అయిపోనాది. ఎద్దు బాగానే ఉంది."

మీరడగొచ్చు, పొద్దున్న పూట జబ్బు చేస్తే పొద్దున్నే వెళ్లి చూడొచ్చు కదా అని. మా ఓనరు సిద్ధాంతం ప్రకారం పొద్దున బ్యాంకులకి, మధ్యాహ్నం మిగతా ప్రజలకి. బ్యాంకు ఆగితే ఊరు ఆగుతుంది, ఓడ ఆగితే సముద్రంలోనే కదా ఆగేది అనేవాడు. అందుకని ప్రతిసారీ మధ్యాహ్నమే వెళ్లాను. ప్రతిసారీ డిస్కు నన్ను చూసి లేచి నిలబడింది. ప్రతిసారీ రిపోర్టులో "ఏ లోపమూ కనిపించలేదు" అని రాసి సంతకం చేశాను. అబద్ధం కాదు. కనిపించలేదు మరి.

అయినా చేతులు కట్టుకుని కూర్చోలేదు. కేబులు మార్చాను. ప్రింటరు పోర్టు సెట్టింగులు మార్చాను. వైరస్ వెతికాను. ఒకటి దొరికింది కూడా, కాని పాపం దానికీ దీనికీ సంబంధం లేదు. ఎర్రదుమ్మేమో అని డ్రైవు విప్పి, బ్రష్షుతో తుడిచాను. డ్రైవే మార్చి మా ఆఫీసులో ఉన్న స్పేరుది పెట్టాను. చివరికి కంప్యూటరే మార్చాను. మర్నాడు పొద్దున్న ఫోను. మళ్లీ పాకుతోంది. మరీ సోమవారాలైతే చెప్పనక్కర్లేదు, డిస్కు నిద్ర లేచేసరికి పదకొండున్నర దాటేది. అది విని మా సహోద్యోగి, "నాకూ సోమారం అలాగే ఉంటాది బావా, దాన్ననకు," అన్నాడు. అదే ఆధారమని మా ఇద్దరికీ తోచలేదు.

గేటు ఆఫీసువాళ్లని అడిగితే, "మాకు బాగానే ఉందండీ, అదే డిస్కు పెట్టగానే నడుస్తోంది," అన్నారు. ఆ మాట మేనేజరు గారి చెవిన పడింది.

ఆయన ఇంకా ఓ ప్రయత్నం చేశారు. వాస్తు. సిద్ధాంతి గారు వచ్చి ఏసీ గది చూసి, ఈశాన్యంలో అంత బరువు బీరువా ఏమిటి, నైరుతికి జరపండి అన్నారు. శనివారం సాయంత్రం నలుగురు మనుషులు ఆ బీరువాని ఖాళీచేసి జరిపారు. చీకటి పడిందని సామాను మళ్లీ సర్దలేదు. డిస్కులన్నీ బల్ల మీద పరిచి తువ్వాలు కప్పి వెళ్లిపోయారు. సోమవారం పొద్దున్న, వాస్తు మార్పు తర్వాత యంత్రాన్ని చూడ్డానికి రమ్మని నన్ను ప్రత్యేకంగా పిలిచారు. మా ఓనరు కూడా కాదనలేకపోయాడు. నేను ఆ ఆఫీసుకి పొద్దున పూట వెళ్లడం అదే మొదలు.

డిస్కు పెట్టాం. పరిగెత్తింది. సోమవారం పొద్దున్న, ఏసీ ఇంకా చల్లబరచకముందే, అదొక్కటే ఆ గదిలో హుషారుగా ఉంది.

"చూశారా అండి," అన్నారు మేనేజరు గారు. సిద్ధాంతి గారికి తాంబూలమిచ్చారు. నాకు టీ ఇచ్చారు. మా సహోద్యోగి ఈ సంగతి విని, "బావా, మనం స్క్రూడ్రైవరు పక్కనెట్టేసి దిక్సూచి కొనుక్కుందాం," అన్నాడు.

ఆ సాయంత్రం బాబాయ్ డిస్కులన్నీ జాగ్రత్తగా బీరువాలో సర్దాడు. మంగళవారం పొద్దున్న అవి మళ్లీ పాకాయి. నేను బ్యాంకులో ఉన్నాను.

ఆ వారంలోనే మేనేజరు గారు నన్ను తన గదికి పిలిచారు. తలుపు అద్దాలది. అవతల అమ్మాయి టైపు చేస్తూ కనిపిస్తోంది.

"కేబులు మార్చారండి. డ్రైవు మార్చారండి. కంప్యూటరు మార్చారండి. నేను దిక్కు మార్చానండి. గేటు ఆఫీసులో బాగుంది. మీరొస్తే బాగుంది. ఇంక మారనిది ఏంటండి?"

నేను అద్దంలోంచి ఆ అమ్మాయి వైపు చూశాను.

"మొన్న ఓడవాళ్లు కాగితాల కోసం గంటన్నర ఎదురుచూశారండి. కేప్టెను నాకు ఫోన్ చేసి ఇంగ్లీషులో మాట్లాడాడండి. మంచి ఇంగ్లీషు కాదండి అది. సోమవారం కొత్త కుర్రాణ్ణి రమ్మన్నాను. ఆ అమ్మాయికి ఈ నెలాఖరు."

"ఆ అమ్మాయి తప్పేమీ లేదనుకుంటానండీ," అన్నాను.

"మరి మెషీన్ తప్పా అండి?"

ఆయన బల్ల మీద నా రిపోర్టులన్నీ దొంతరగా ఉన్నాయి. ఏ లోపమూ కనిపించలేదు, ఏ లోపమూ కనిపించలేదు. యంత్రానికి నేనిచ్చిన అన్ని శీల ధ్రువపత్రాల తర్వాత ఇప్పుడేమని చెప్పను.

బయటికొస్తుంటే అమ్మాయి తలెత్తలేదు. "నాను ముందు రైల్లో వచ్చెత్తన్నాను సార్," అంది కీబోర్డు వైపే చూస్తూ. "డిస్కు ముందే పెట్టి ఓ గంటసేపు తిప్పితే అదే దార్లో పడతాది. ఆ మాట మేనేజరు గారికి సెప్తే, పని సేతకాక సాకులన్నారు. ముందే పెడదామంటే బీరువా తాళం బాబాయ్ గారి దగ్గర. ఆయన పదింటికి గాని రారు."

గంటసేపు తిరిగితే దార్లో పడుతుంది. ఆ పిల్ల జవాబు సగం చేతిలో పెట్టింది. మిగతా సగం నాకు మా ఇంట్లో దొరికింది.

మేం సీతమ్మధారలో ఓ అద్దె వాటాలో ఉండేవాళ్లం. కార్తీకమాసం. ఆదివారం అరకు వెళ్దామని మా ఆవిడ ఎప్పటి నుంచో అడుగుతోంది. విశాఖపట్నంలో స్వెటరు అనేది అరకు వెళ్లడానికి కొనుక్కునే వస్త్రం. మిగతా రోజుల్లో అది బీరువాలో పట్టుచీరల కింద తపస్సు చేసుకుంటుంది. శనివారం పొద్దున్న మా ఆవిడ నా స్వెటరు తీసి నా ముఖం మీదికి విసిరింది. కలరా ఉండల కంపు. కళ్లలో నీళ్లొచ్చాయి.

"ఇది వేసుకుంటే రైల్లో పక్కవాడు దిగిపోతాడు," అన్నాను.

"డాబా మీద ఆరేసి రండి. మజ్జానానికి పోతాది."

ఆరేశాను. మధ్యాహ్నం భోంచేసి వెళ్లి వాసన చూశాను. లేదు. మళ్లీ చూశాను. ఇంకా గట్టిగా చూశాను. ఎండలో డాబా మీద స్వెటర్లో ముఖం పెట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలీదు గాని, మా ఆవిడ పైకొచ్చింది.

"ఏటండీ అది! పక్కింటోళ్లు సూత్తన్నారు."

"పొద్దున్న ఉంది. మధ్యాహ్నానికి లేదు."

"మరి అదే కదండీ నాను సెప్పేను."

ఆ వాసన నాకు స్టీమర్ ఏజెంటు ఆఫీసులో కూడా తెలుసు. ప్రతిసారీ బీరువా పక్కన నిలబడ్డప్పుడల్లా వచ్చేది. కాని ఈ ఉక్కపోత ఊళ్లో పుట్టి పెరిగినవాడికి అది వాసన కాదు, ఇల్లు. గోడకి సున్నం ఉన్నట్టు బీరువాకి ఆ కంపు ఉంటుంది. లెక్కలోకి రాదు.

ఎనిమిదో తరగతి సామాన్యశాస్త్రంలో ఓ ప్రశ్న ఉండేది. ఉత్పతనం అనగానేమి? ఘన పదార్థం ద్రవంగా మారకుండా నేరుగా ఆవిరగుట. ఉదాహరణ: కర్పూరం, నాఫ్తలీన్. రెండు మార్కులు. నాకు రెండూ వచ్చాయి. ఆ మార్కులు ఇంతకాలానికి పనికొచ్చాయి.

మర్నాడు అరకు వెళ్లాం. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలందరూ కేకలు పెడుతుంటే నేను బీరువాలో గాలి గురించి ఆలోచించాను. మా ఆవిడ తర్వాత చాలాకాలం ఆ ప్రయాణం గురించి నాతో మాట్లాడేటప్పుడు "నాను ఎల్లినప్పుడు" అనేది.

సోమవారం పొద్దున్న బ్యాంకు డ్యూటీ నాదే. మా సహోద్యోగికి సంగతి చెప్పాను.

"నువ్వెల్లు బావా. బ్యాంకు నాను సూసుకుంటాను. ఎవరైనా అడిగితే నీకు విరోచనాలని సెప్తాను."

"జ్వరమని చెప్పొచ్చు కదా."

"జ్వరమంటే నమ్మరు బావా."

తర్వాత ఆ బ్యాంకులో అందరూ నాకు చాలాకాలం మజ్జిగ ఇచ్చారు.

దారిలో పోర్టు గేటు ఆఫీసుకి వెళ్లాను. అక్కడ శనివారం నుంచి బల్ల మీదే ఉండిపోయిన డిస్కొకటి అడిగి తీసుకున్నాను. వన్‌టౌన్ ఆఫీసుకి వెళ్లేసరికి అమ్మాయి అప్పటికే వచ్చి, ఏసీ వేసి, బీరువా ముందు నిలబడి ఉంది. బయట బెంచీ మీద ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రాడొకడు ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరో అడగక్కర్లేదు. అమ్మాయి కూడా అడగలేదు. రేవులో ఓడ సిద్ధంగా ఉంది. దాని కాగితాలు ఆ పూటే వెళ్లాలి.

బాబాయ్ వచ్చాడు. బీరువాని కౌగలించుకున్నాడు. తలుపు తెరుచుకుంది.

"బాబాయ్, ఆ వాసనేంటి?"

"ఏ వాసన బాబూ?"

"కలరా ఉండలు."

"అదా!" అన్నాడు. "అది వాసనేటి బాబూ, బీరువా అలాగే ఉంటాది."

లోపల డిస్కులు ఒక్కొక్కటీ మెత్తటి పాత పంచె ముక్కలో చుట్టి ఉన్నాయి. వాటి మధ్య చిన్న చిన్న గుడ్డ మూటలు. ఒక మూట విప్పి చూపించాడు. తెల్ల ఉండలు, అరిగి అరిగి బఠాణీలంత అయ్యాయి.

"వానలకి బొద్దింకలు దిగీసినాయి బాబూ. పాత కార్గో ప్లాన్లు అన్నీ నమిలీసినాయి. ఇదేటి, ఈ డిస్కుల మీదే గదా ఈ అమ్మీ ఉజ్జోగం. ఇయ్యి పాడైపోతే దీన్ని ఉంచుతారేటి? అందుకని మా ఆవిడ పట్టుసీరలకేసినట్టే ఏసేను. నెలనెలా మారుత్తన్నాను కూడాను." కాస్త గర్వంగానే చెప్పాడు.

నేను ఒక డిస్కు తీసి దాని ఇనప రేకు వేలితో పక్కకి జరిపాను. లోపలి పళ్లెం నల్లగా, అద్దంలా ఉండాలి. ముగ్గు వేసిన చేత్తో ఎవరో తాకినట్టుంది.

ఇందులో పెద్ద విజ్ఞానమేమీ లేదు. రాత్రి ఏసీ ఆపేస్తారు, బీరువా లోపల ఉడికిపోతుంది, ఉండలు ఆవిరై అంతా నిండుతాయి. పొద్దున్న ఏసీ వేయగానే బీరువా చల్లబడి ఆ ఆవిరంతా డిస్కుల మీద పొడిలా దిగుతుంది. డ్రైవుకి చదవడం రాదు. కాని అది తప్పని చెప్పదు, ఓపిగ్గా మళ్లీ అడుగుతుంది, మళ్లీ అడుగుతుంది, చెవుడున్న పెద్దమనిషిలా. తిరిగి తిరిగి వేడెక్కితే పొడి గాల్లో కలిసిపోతుంది. స్కూటరు డిక్కీలో ఎండకి వెళ్తే ఇంకా తొందరగా కలిసిపోతుంది. ఆదివారమంతా బీరువాలో ఉంటే సోమవారం మరీ ఎక్కువ. వాస్తు మారిన రోజున డిస్కులు బల్ల మీద పడుకున్నాయి. ఇక నేను వెళ్లేసరికి, దోషి అప్పటికే గాల్లో కలిసిపోయేది.

మేనేజరు గారు వచ్చారు. ఆయన రోజూ పొద్దున్నంతా కస్టమ్సులో ఉండి, ఆఫీసుకి రావడం పన్నెండు తర్వాత. అంచేత ఆయన కూడా ఆ డిస్కు పాకడం ఎన్నడూ కళ్లారా చూళ్లేదు. నేను ఫోన్ చేయించి ముందుగా రప్పించాను. గేటు ఆఫీసు డిస్కు పెట్టమన్నాను. అమ్మాయి పెట్టింది. ఆయన కుర్చీ లాక్కునేలోపు ఫైళ్లన్నీ వచ్చేశాయి. ఇప్పుడు బీరువాలోది పెట్టమన్నాను. పెట్టింది. డ్రైవు గొణిగింది. ఆగింది. మళ్లీ గొణిగింది. తెర మీద ఆగమని చెప్పే ఇసక గడియారం బొమ్మ అలాగే ఉంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పెట్టుకున్నారు. ఇసక గడియారం ఇంకా ఉంది. అమ్మాయి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, కీబోర్డు ముట్టుకోలేదు. ఎవరూ ముట్టుకోకుండానే నెమ్మదిగా నడుస్తున్న యంత్రాన్ని ఆయన మొదటిసారి చూస్తున్నారు.

నేను డిస్కు బయటికి తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టాను.

"మా అమ్మగారి పెట్టె వాసనండి ఇది," అన్నారు నెమ్మదిగా.

సంగతంతా చెప్పాను. ఒక్క సంగతి తప్ప. దానికి ఈలోపు ఓ జవాబు తయారుచేసుకున్నాను. ఇదివరకెప్పుడో ఎవరో వేసుంటారండీ, పాత బీరువా కదా అని. ఆయన అడగనే అడిగారు.

"ఎవరు పెట్టారండి ఇవి?"

నేను నోరు తెరిచేలోపు, "నానే సార్," అన్నాడు బాబాయ్.

ఆయన మేనేజరు గారి వైపు చూడ్డం లేదు. బెంచీ మీది కుర్రాణ్ణి చూస్తున్నాడు. తర్వాత అమ్మాయిని చూశాడు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"నా మూలంగానేటి బాబూ? ఇన్నాళ్లూ?"

"ఉండల మూలంగా బాబాయ్," అన్నాను.

"బొద్దింకల్ని మీరు రమ్మన్లేదు గదా బాబాయ్ గారూ," అంది అమ్మాయి చిన్నగా. "ఏటోలే. నాను రోజూ అదే బీరువా ముందు నిలబడ్డాను, నాకూ వాసన రాలేదు."

మేనేజరు గారు లేచి బయటికెళ్లారు. బెంచీ మీది కుర్రాడితో, "బాబూ, మీకు కబురు చేస్తామండి," అనడం వినిపించింది. గోదావరి జిల్లా మర్యాదలో దానర్థం ఏమిటో ఆ కుర్రాడికి తెలుసనుకుంటాను, ఫైలు సర్దుకుని లేచాడు. ఆయన లోపలికొచ్చారు. క్షమాపణలాంటివి ఆయన చెప్పే మనిషి కాదు. గోడ వైపు చూస్తూ అన్నారు:

"బీరువా తాళం ఇకనించి ఆ అమ్మాయి దగ్గర ఉంటుందండి. ముందే వచ్చి తీసుకుంటుంది. అంతేనండి."

ఇంత చిన్న ఆజ్ఞ అమలు కావడానికి అంతసేపు పడుతుందని ఎవరం అనుకోలేదు. ఆ తాళంచెవి మొలతాడుకి ఎన్నేళ్ల క్రితం కట్టాడో ఆయనకే గుర్తులేదు. ముడి రాయిలా బిగిసిపోయింది. మేనేజరు గారు కత్తెర తెప్పించబోయారు.

"తప్పు సార్," అన్నాడు బాబాయ్. "మొలతాడు బతికుండగా తెంపకూడదు."

"అయ్యయ్యో, వద్దండి," అన్నారు మేనేజరు గారు, తనే తప్పు మాట అన్నట్టు.

బాబాయ్ గోటితో ప్రయత్నించాడు. కాలేదు. ఓ మూలకి తిరిగి నిలబడి మళ్లీ ప్రయత్నించాడు. మేనేజరు గారూ నేనూ కేలండరు చూశాం. ఆ నెలలో సెలవులు ఎన్నున్నాయో ఇద్దరికీ కంఠతా వచ్చేసింది. అప్పుడు అమ్మాయి తన గాజులకి తగిలించుకున్న పిన్నీసు తీసి, వెనక నుంచే చెయ్యి చాపి ఆయనకిచ్చింది. పిన్నీసు మొనతో ఒక్కో పోగూ లాగి లాగి, ఎట్టకేలకి ముడి విప్పాడు. చెవి ఆమె అరచేతిలో పెట్టాడు. పిన్నీసు కూడా.

"జాగర్త అమ్మీ," అన్నాడు. "బొద్దింకలున్నాయి."

డిస్కులన్నీ తీసి బల్ల మీద పరిచాం. తుడవాల్సిన పనే లేదు, గాలికి వదిలేస్తే చాలు. కాగితాలు స్కూటరెక్కాయి. సాయంత్రానికి కిటికీలోంచి కనిపించే ఓడ కొమ్ము ఒకటి తగ్గింది. నా రిపోర్టులో "లోపానికి కారణం" దగ్గర "నిల్వ ఉంచిన చోటి వాతావరణం" అని రాశాను. మేనేజరు గారు చదివి, "బాగా రాశారండి," అని సంతకం పెట్టారు. ఆయన నా మీద చేసిన ఒకే ఒక సాహిత్య విమర్శ అది. ఆ అమ్మాయికి పర్మనెంటు ఆర్డరు సంక్రాంతిలోపే వచ్చింది. బొద్దింకల కోసం బాబాయ్ ఏదో మందు సుద్దముక్క తెచ్చి గుమ్మం దగ్గర గీశాడు. బీరువా జోలికి మాత్రం వెళ్లలేదు.

తర్వాత నేను చాలా యంత్రాలు బాగుచేశాను, కొన్ని పాడుచేశాను కూడా. మీ అందరి దగ్గరా ఇప్పుడు బోలెడు పరీక్ష సాఫ్ట్‌వేర్లున్నాయి. వాడుకోండి. కాకపోతే పొద్దున చేసిన జబ్బుని పొద్దునే చూడండి. వెళ్లేటప్పుడు ముక్కు ఇంట్లో పెట్టి వెళ్లకండి.

రెండు వేల తర్వాత కొన్నేళ్లకి పెన్‌డ్రైవులొచ్చాయి. ఓ రోజు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. అమ్మాయనకూడదు, అప్పటికి ఆ సెక్షనంతా ఆమె కిందే ఉంది.

"సార్, ఆ డబ్బా డ్రైవూ, డిస్కులూ పాత సామాన్లోడికి ఇచ్చెత్తన్నారు. మీకేటైనా కావాలా?"

వెళ్లాను. బీరువా తాళంచెవి ఇంకా ఆమె దగ్గరే ఉంది, గాజులకి, పిన్నీసుతో. బాబాయ్ రిటైరై ఊరెళ్లిపోయి జీడితోట చూసుకుంటున్నాడట. ఎప్పుడైనా పట్నమొస్తే ఆఫీసుకొస్తాడట. "రాగానే ముందు బీరువా దగ్గరికెల్లి వాసన సూత్తారు సార్," అంది, నవ్వుతూ మొదలుపెట్టి మధ్యలో ఆగి.

నేను ఒక డిస్కు తెచ్చుకున్నాను. ఏ ఓడదో రాసిన అక్షరాలు చెరిగిపోయాయి. దాన్ని నడిపే డ్రైవు ఇప్పుడు ఊళ్లో ఎక్కడా లేదు. ఎక్కడ పెట్టాలో తెలీక మా ఆవిడ బీరువాలో, అరకు స్వెటర్ల పక్కన పెట్టాను.

"అక్కడ కలరా ఉండలున్నాయి కదండీ, పాడైపోదూ?" అంది.

పాడవదు, నెమ్మదిస్తుంది అంతే. ఇప్పుడు దానికి తొందరేముంది.